సముద్రపు నారుమడి

2020వ సంవత్సరము జులై 25వ తేదీని మారిషసు ద్వీపపు ఆగ్నేయతీరమున వకాషియో అను పెద్ద సరకుల ఓడ పగడపు దిబ్బమీది కెక్కి చిక్కుకొనెను. ఓడ జపానువారిది, దానిపై నెగురుచుండినది పనామా జెండా, దానిని నడపిన నాయకుడు మన దేశస్థుడు. తీరపు టెలిఫోను అందుటకై ఓడను ఒడ్డునకు దగ్గరగా తెచ్చిరని తరువాతి విచారణలో తేలినది. ఓడలో సరకు లేదు. కాని దాని యంత్రములకు వలసిన ఇంధనతైలమే సుమారు 4,000 టన్నులుండెను. పండ్రెండు దినములు గడచిన పిదప, ఆగస్టు 6వ తేదీని, తొట్టి పగిలి అందులో ఇంచుమించు 1,000 టన్నుల నూనె తీరజలములలో గలిసెను.

అప్పుడు ఆ ద్వీపవాసులు చేసిన పనిని లోకము మెచ్చుకొనినది. చెరకాకులను, గడ్డిని గుడ్డగొట్టములలో కూరి, వానిని నీటిపై తేల్చి, నల్లని తెట్టును అడ్డుకొనిరి. నూనెను పీల్చుటకై తలవెండ్రుకలు సైతము కత్తిరించి యిచ్చిరి. ఆ చెరకు తోటలలో కూలికై పందొమ్మిదవ శతాబ్దమున మన కోరంగి, విశాఖపట్టణముల నుండి ఓడలెక్కి పోయిన తెలుగువారి సంతతి నేటికిని అచట నున్నది. ఉగాదినాడు ఆ దేశమున సర్వజనులకును సెలవు. తెట్టును అడ్డిన చేతులలో మనవారి చేతులు లేకుండునా? భారత ప్రభుత్వమువారు ఆ నెలలోనే 30 టన్నులకు పైబడిన పరికరములను, తీరరక్షక దళమునకు చెందిన పదిమందిని విమానముపై పంపిరి. అది తగిన పనియే.

మేము నేడు వ్రాయబూనినది ఆ ఓడను గూర్చి కాదు. ఇట్టి ఉపద్రవము ఎచ్చట సంభవించినను పరీక్షకులు మొదట నీటిలో మునిగి చూచునది పగడములు బ్రదికి యున్నవా, చచ్చినవా యని. బ్రదికియున్నచో ఊపిరి పీల్చుకొందురు. పత్రికలలో 'దిబ్బ సురక్షితము' అని పడును. బెస్తవానికి పోయిన కూలి యెంత, హోటలు యజమానికి పోయిన రాబడి యెంత అని లెక్క కట్టి, ఇచ్చునది యిచ్చి, కాగితములు కట్టివేయుదురు. పుట్టవలసి యుండి పుట్టని పగడముల లెక్క ఆ కాగితములలో నుండదు. ఈ లెక్కయే అన్నిటికంటె పెద్దదని మా అభిప్రాయము.

పగడమనగానే మన పాఠకులలో చాలమందికి నవరత్నములలోని యెఱ్ఱని పూస తలపునకు వచ్చును. ఆ పూస మధ్యధరా సముద్రమున దొరకు వేఱు జాతిది. దిబ్బలు కట్టు పగడము మఱొకటి. దానిని చూచి కొందఱు రాయి యందురు, కొందఱు మొక్క యందురు. అది జంతువు. గింజంత మొదలు బొటనవ్రేలి గోరంత వఱకు ఉండు మెత్తని జీవులు వేలకొలదిగ నొకచోట గుమిగూడి, సముద్రజలములోని సున్నమును తీసికొని, తమ క్రింద గూడు కట్టుకొనును. తరతరముల గూళ్లు ఒకదానిపై నొకటి పేరినప్పుడు దిబ్బ యగును. దిబ్బలు పెరిగినచోట దీవి నిలుచును. లక్షద్వీపములట్లే నిలిచినవి. దిబ్బలో చేపకు ఇల్లున్నది. తీరమునకు గోడ యున్నది. మన్నారు సింధుశాఖలో ఈ గోడను త్రవ్వి సున్నపు బట్టీలలో కాల్చిన దినములు కూడ నుండెను.

ఈ జీవులకు కదలిక లేదు. మఱి సంతానమెట్లు? ఆస్ట్రేలియా తీరపు మహాప్రవాళభిత్తిలో శాస్త్రజ్ఞులు కనిపెట్టి 1984వ సంవత్సరమున ప్రకటించిన సంగతి నేటికిని ఆశ్చర్యము గొలుపుచున్నది. ఏడాదిలో ఒక పున్నమి తరువాత కొలది రాత్రులలో, ప్రొద్దుగ్రుంకిన కొన్ని గడియలకు, పదులకొలది జాతుల పగడములు ఒక్కమాఱుగా అండములను, రేతస్సును చిన్న చిన్న ముద్దలుగా కట్టి నీటిలోనికి విడుచును. ఆ ముద్దలలో క్రొవ్వు హెచ్చు. కావున తేలును, తేలి, ఉపరితలమున పగిలి, ఒక తల్లి అండము వేఱొక తల్లి బీజముతో కలియును. తెల్లవారుసరికి సముద్రముపై గులాబి వన్నె గల తెట్టు కనబడును. నాలుగైదు దినములలో అండము ఈదగల పిల్లయగును. నూగుతో నీదుచు అది అడుగునకు దిగి, రాళ్లపై పరచుకొని యుండు ఒక విధమగు ఎఱ్ఱని సున్నపు నాచును వాసన పట్టినట్లు వెదకి, తగినచోటు దొరకిన అంటుకొని, రూపు మార్చుకొని, పగడమగును. అప్పటికి దాని పరిమాణము ఆవగింజకంటె తక్కువ. దొరకకున్నచో చచ్చును. మంచి సంవత్సరమున సైతము పుట్టినవానిలో నిలుచునవి మిక్కిలి కొలది.

కొన్ని జాతులు ఇట్లు విడువక పిల్లలను తమ కడుపులోనే పెంచి, ఈదగలిగిన పిదప వదలును. వీనిని గూర్చి మఱల చెప్పుదుము.

సేద్యము చేయు పాఠకులకు ఇంతకు మించి వివరింప నక్కఱలేదు. పొలమున వరి నిలిచి యున్నను నారుమడి మాడిపోయిన రైతు వచ్చు పంటకు ఏమి చేయునో వారెఱుగుదురు. ముదురు చెట్టుకు చీడ పట్టిన నిలద్రొక్కుకొనును. మొలక కాలము తప్పిన తిరిగి రాదు.

ఇక నూనె సంగతి. నూనె తేలును, అండములు తేలును. రెండింటికిని ఒకటే చోటు, ఒకటే గాలి, ఒకటే ప్రవాహము. ముదురు పగడము నాలుగు నిలువుల లోతున నుండి పై తెట్టును తగులకయే తప్పించుకొనవచ్చును; తగిలినను జిగురు విడిచి దులుపుకొనగలదు. అండమునకు జిగురు లేదు, లోతు లేదు. దానిలోని క్రొవ్వు నూనెలోని విషమును దూదివలె పీల్చుకొనును. కంటికి కనబడు నల్లని తెట్టుకంటె, దానినుండి నీటిలో కరగి కనబడకుండ వ్యాపించు నాఫ్తలీను మొదలగు పదార్థములే పిల్లలకు హెచ్చు హాని చేయుచున్నవి. తెట్టు కొట్టుకొనిపోయినది గనుక నీరు శుద్ధమైనదనుట పొరపాటు.

ఇది ఊహ గాదు. ఎఱ్ఱసముద్రపు ఉత్తరపు కొనయందు, అకాబా సింధుశాఖలో, ఎయిలాతు అను రేవు గలదు. అచట ముడినూనె దింపు కట్టుబడుల చెంతనే పగడపు దిబ్బ యున్నది. పెద్ద ఓడ యేదియు పగులలేదు. దినదినమును కొంచెము కొంచెముగ నూనె కారుటయే అచటి వ్యాధి. 1970వ సంవత్సరము సెప్టెంబరులో సముద్రము అనూహ్యముగా వెనుకకు పోయి, దిబ్బల పైభాగములు ఎండకు బయటపడి, పగడములలో అధికభాగము చచ్చెను. ఈ చావు నూనె పాలబడిన దిబ్బకును, నూనె సోకని మఱియొక దిబ్బకును సమానముగ వచ్చినది. మూడేండ్ల పిమ్మట యోసి లోయా అను శాస్త్రజ్ఞుడు రెండింటిని చూచినప్పుడు, నూనె సోకని దిబ్బ క్రొత్త పగడములతో కళకళలాడుచుండెను. రేవు చెంతనున్న దిబ్బ కోలుకొనలేదు. ప్రకృతి కొట్టిన దెబ్బ రెండింటికి నొకటే. లేచుటకు వలసిన పిల్లలు ఒకదానికి రాలేదు.

అదే రేవున ఫాస్ఫేటు రాతి ధూళియు నీటిలో పడుచుండెడిది గనుక నేరమంతయు నూనెపై మోపరాదని ఆక్షేపించువారు లేకపోలేదు. ఆక్షేపణ న్యాయమైనదే. కాని లోయాయు, రింకెవిచ్ అను ఆయన సహచరుడును అంతటితో నిలువలేదు. కడుపులో పిల్లలను పెంచు స్టైలొఫొరా అను పగడమును తీసికొని పరీక్షించిరి. నూనె పాలబడినచోట పిల్లలను కను గుంపులే తక్కువ. ఒక్కొక్క జీవిలో అండకోశములు తక్కువ. పుట్టిన పిల్లలలో రాతికి అంటుకొనగలవి తక్కువ. నూనె కలిసిన నీటిలో పెట్టగానే తల్లి నోరు తెఱచి, నెలలు నిండని పిల్లలను బయటకు త్రోసివేసెను. 1979వ సంవత్సరమున వారు ప్రకటించిన వ్యాసమునకు పెట్టిన పేరులోనే గర్భస్రావమను మాట వాడిరి. శాస్త్రజ్ఞులు మాటలను తూచి వాడువారు. ఆ మాట వారి నోట వచ్చినదన్నచో ఆలోచింపవలసినదే.

ఒక్కమాఱు ఒలికిన నూనె ఎంతకాలము వెంటాడునో పనామా దేశము చూపినది. 1986వ సంవత్సరము ఏప్రిల్ 27వ తేదీని కరీబియన్ తీరమున బహియా లాస్ మినాస్ అనుచోట నొక శుద్ధికర్మాగారపు తొట్టి పగిలి 80 లక్షల లీటర్లకు పైగా ముడినూనె సముద్రమున గలిసెను. మిక్కిలిగా నూనె సోకిన దిబ్బపై మూడు మీటర్లలోపు లోతున పగడపు పఱపులో నూటికి 76 వంతులు పోయెను. ఇది కంటికి కనబడిన నష్టము. మడ అడవుల బురదలో దాగిన నూనె ఏండ్ల తరబడి వానతోను, అలతోను కొంచెము కొంచెముగా ఊరి దిబ్బలపైకి వచ్చుచునే యుండెను. మూడేండ్లు గడచిన తరువాత పరీక్షించినప్పుడు, బ్రదికియున్న పగడములలో సైతము సంతానాంగములు చిన్నవైపోయి యుండెను. గాయపడిన జీవి తన యొడలిని బాగుచేసికొనుటకే ఉన్న బలమంతయు వెచ్చించును. పిల్లలకు మిగులునది లేదు. 'దిబ్బ సురక్షితము' అను మాట ఇట్టిచోట ఎంత నమ్మదగినది?

తరువాతి పరీక్షలు దీనిని బలపఱచినవే గాని త్రోసిపుచ్చలేదు. నెగ్రి, హేవార్డు అను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2000వ సంవత్సరమున ప్రకటించిన దానిని బట్టి, అండము ఫలించుటకంటె పిల్ల రూపు మార్చుకొని రాతికి అంటుకొనుటయే ముడినూనెకు త్వరగా లొంగుచున్నది. బిడ్డ పుట్టును, నిలువదు. 2010వ సంవత్సరమున మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ బావి పేలిన పిమ్మట, ఆ నూనెతోను, దానిని చెదరగొట్టుటకు చల్లిన మందుతోను ఫ్లారిడా పగడముల పిల్లలను పరీక్షించిరి. నూనె చెడ్డది. మందును చెడ్డదే. మఱియు సూర్యుని అతినీలకిరణములు తగిలినప్పుడు నూనెలోని విషము మఱింత హెచ్చుగా పనిచేయునని కూడ తెలిసినది. పిల్లలు తేలునది ఆ యెండలోనే.

మందును గూర్చి ఒక మాట. నూనెను తుంపరలుగ చీల్చి నీటిలో ముంచుటయే దాని పని. దానివలన ఒడ్డునకు తెట్టు చేరదు; పక్షులకును, మడ చెట్లకును మేలు. 1984వ సంవత్సరమున పనామాలో కోరి చేసిన పరీక్షయందు ఇది రుజువైనది: మందు చల్లనిచోట మడ చెట్లు చచ్చినవి, చల్లినచోట పగడములు దెబ్బతినినవి. కావున మందు ఎన్నడును వలదనుట మా మతము కాదు. కాని ఒడ్డు శుభ్రముగా కనబడుట యొక్కటే అధికారులకు ప్రీతియైనచో, పగడముల ప్రసవరాత్రులలో సైతము దిబ్బపై చల్లివేయుదురు. ఫొటోలకు కనబడునది ఒడ్డే గదా!

ఇక మన దేశమునకు వత్తము. మనము వాడుకొను ముడినూనెలో నూటికి 85 వంతులకు పైగా ఓడలపైనే వచ్చుచున్నది. మన పంపుసెట్లు, ట్రాక్టర్లు, బస్సులు త్రాగునది దానినే. విశాఖపట్టణపు కర్మాగారము 1957 నుండి శుద్ధి చేయుచున్నది దానినే. కావున ఓడలను తిట్టి చేతులు కడుగుకొనుట మనకు తగదు. 2020వ సంవత్సరము సెప్టెంబరులో సింహళపు తూర్పుతీరమున న్యూ డైమండ్ అను ఓడ అంటుకొనినప్పుడు అందున్న 2,70,000 టన్నుల ముడినూనె మన పారాదీపునకు వచ్చుచుండినదే. సింహళ, భారత నావికులు కలిసి మంటలనార్పిరి, సరకు నిలిచెను. దైవము మేలు చేసినది. ప్రతిమాఱును చేయునని వ్రాసియిచ్చినవారు లేరు.

కచ్ సింధుశాఖలో 1982 నుండి సముద్రపు జాతీయవనము గలదు. ఆ సింధుశాఖ దక్షిణపుటొడ్డుననే వాడినారు, జామ్‌నగరములలో దేశములోకెల్ల పెద్ద శుద్ధికర్మాగారములున్నవి. సముద్రమున తేలు బోయాల కోడలను కట్టి, గొట్టములగుండ నూనెను ఒడ్డునకు త్రోసెదరు. వనమును, గొట్టమును ఒకే నీటిలో నున్నవి. లక్షద్వీపములలో మినికోయికిని తక్కిన దీవులకును నడుమ తొమ్మిదవ డిగ్రీ కాలువయందు ప్రపంచపు ఓడలు పోవుచున్నవి. గ్రేట్ నికోబారున గలాతియా రేవు కట్టుటకు 2022వ సంవత్సరమున అనుమతియయ్యెను. అచటి 20,668 పగడపు గుంపులలో 16,150 గుంపులను పెకలించి మఱియొకచోట నాటెదమని పార్లమెంటుకు చెప్పిరి. గుంపులను లెక్కించుట మంచిదే. నాటిన గుంపు పిల్లలను కనునా, కన్న పిల్లలు ఓడలు త్రిప్పు రేవు ప్రక్కన అంటుకొనునా యని అడిగినవారేరి? 2001 నుండి దిబ్బలు కట్టు పగడములను వన్యప్రాణి రక్షణ చట్టపు మొదటి పట్టికలో, పులి సరసన, చేర్చియున్నారు. ఒక్క కొమ్మను విఱిచి సంచిలో వేసికొనిన యాత్రికుని పట్టుకొందురు. ఒక పున్నమి సంతానమునంతటిని నూనెలో ముంచినవానిని ఏ సెక్షను క్రింద పట్టుకొందురు?

కొందఱు ఇట్లనవచ్చును: పగడములను చంపుచున్నది నూనె కాదు, సముద్రపు వేడి, 1998, 2010, 2016, 2024 సంవత్సరములలో లక్షద్వీపముల దిబ్బలు తెల్లబడినది వేడిచేతనే, నూనె దాని ముందెంత? నిజమే, వేడియే పెద్ద శత్రువు. కాని వేడి కొట్టిన తరువాత దిబ్బ లేచుట దేనివలన? మిగిలిన తల్లుల పిల్లలవలన. ఎయిలాతు దిబ్బ నేర్పినది అదియే గదా. వేడిని ఆపుట మన యొక్క దేశము చేతిలో లేదు, లోకమంతయు కూడవలెను. నూనెను ఆపుట మన రేవుల చేతిలో, మన ఉత్తరువుల చేతిలో నున్నది.

మన ప్రభుత్వమునకు ప్రసవకాలమన నేమో తెలియదని చెప్పుటకు వీలులేదు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు తూర్పుతీరమున యంత్రపు పడవలు వేటకు పోరాదని శాసించుచున్నది. చేప గ్రుడ్లు పెట్టు కాలమని కారణము చెప్పుచున్నది. కాకినాడ, మచిలీపట్టణము, భీమునిపట్టణము బెస్తలు రెండు నెలలు వలలు చుట్టి కూర్చుండుచున్నారు. పేదవాని వలకు వర్తించిన న్యాయము ధనవంతుని గొట్టమునకు ఏల వర్తింపరాదు? మేమడుగునది రెండు నెలలు కాదు. ఒక్కొక్క దిబ్బకు ప్రసవరాత్రులును, పిల్లలు తేలు దినములును కలిపి పది పండ్రెండు దినములు. తూత్తుకుడి దగ్గర అక్రోపొర జాతి పగడములు మార్చి ప్రాంతమున విడుచునని శాస్త్రజ్ఞులు చూచియే యున్నారు. ఇట్లే కచ్, లక్షద్వీప, అండమాను దిబ్బలకును పంచాంగము కట్టి గెజెటులో ప్రకటింపవలెను. ఆ దినములలో దిబ్బల దాపున నూనె దింపుటయు, ఓడలకు ఇంధనము నింపుటయు నిలుపవలెను. చెదరగొట్టు మందును దిబ్బలపై చల్లరాదు. కర్మాగారములకు తొట్లున్నవి, పది దినముల ముందు నింపుకొనిన పొయ్యి ఆఱదు. నష్టమందురు. బెస్తవానికిని నష్టమే.

నూనె ఒలికినప్పుడు లెక్కయు మాఱవలెను. దిబ్బల దగ్గర మట్టి పలకలను వ్రేలాడదీసి, వానికి ఎన్ని పసి పగడములంటుకొనినవో యేటేట లెక్కించు పద్ధతి శాస్త్రజ్ఞుల చేతిలో నున్నది, ఖర్చు స్వల్పము. ఉపద్రవమునకు ముందటి యేండ్ల లెక్క చేతనున్నప్పుడే తరువాతి లోటును న్యాయస్థానమున చూపవచ్చును. కావున ఆ పలకలను ఓడ పగిలిన పిమ్మట గాక నేడే దింపవలెను. ఓడ యజమాని బాధ్యత మొదటి మాసపు చావులతో తీరక, కనీసము అయిదేండ్ల పలకల లెక్క ముగియు వఱకు సాగవలెను.

పార్లమెంటులోని మన తెలుగు సభ్యులలో ఒక్కరైన ఈ ప్రశ్నను నౌకాశాఖ మంత్రికి వేయుదురని ఆశించుచున్నాము: దేశములోని ఏ దిబ్బకైనను ప్రసవరాత్రుల పట్టిక రేవు అధికారుల బల్లమీద నున్నదా? లేదని జవాబు వచ్చినచో, రాబోవు మార్చి పున్నమికి తూత్తుకుడి రేవునకైనను ఒక్క ఉత్తరువు పంపుటకు చాలినంత వ్యవధి యింకను గలదు.